మరణానంతర శౌర్య పతకం: ఏ మెట్టు ఇవ్వాలో ఎలా తేలుస్తారు?

క్లుప్తంగా: గల్వాన్ లోయలో 2020 జూన్ 15న ప్రాణాలు కోల్పోయిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబుకు కేంద్రం మరణానంతరం మహావీర చక్ర ఇచ్చింది. యుద్ధమే ప్రకటించనప్పుడు యుద్ధకాల పతకం ఎలా ఇచ్చారు, ఇచ్చినప్పుడు పరమవీర చక్ర ఎందుకు ఇవ్వలేదు అనే ప్రశ్నలు తెలుగువాళ్లలో అప్పటి నుంచీ ఉన్నాయి. జనవరి 26, ఆగస్టు 15 జాబితాలు వచ్చినప్పుడల్లా అవి మళ్లీ లేస్తాయి. పోరాటం శత్రువుకు ఎదురుగా జరిగిందా లేదా అన్నదాన్ని బట్టి పతకం ఏ వరసలోదో తేలుతుంది. ఆ కాసేపట్లో ఆ మనిషి ఏం చేశాడో చెప్పే సాక్ష్యాన్ని బట్టి ఏ మెట్టో తేలుతుంది. ప్రాణం పోవడం ఒక్కటే మెట్టును నిర్ణయించదు.

2021 నవంబర్ 23న రాష్ట్రపతి భవన్‌లో సంతోష్ బాబు పేరు పిలిచినప్పుడు ఆయన తల్లి, భార్య కలిసి ముందుకు నడిచారు. వాళ్లిద్దరూ నిలబడి ఉండగా సైటేషన్, అంటే ఆయన ఏం చేశారో చెప్పే అధికారిక పాఠం, చదివారు. అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ పతకాన్ని వాళ్ల చేతికి అందించారు. బతికున్న సైనికుడికైతే రాష్ట్రపతి పతకాన్ని యూనిఫామ్ మీద, గుండెల దగ్గర తగిలిస్తారు. మరణానంతరం ఇచ్చే పతకం పెట్టెలో ఉంటుంది. తగిలించడానికి యూనిఫామ్ ఉండదు కాబట్టి ఇంటివాళ్ల చేతికే ఇస్తారు.

ఆ పెట్టెలో ఉన్నది గుండ్రటి వెండి పతకం. దాని మీద ఐదు కోణాల నక్షత్రం, మధ్యలో బంగారు పూత వేసిన రాజముద్ర, వెనక వైపు మహావీర చక్ర అన్న అక్షరాలతో పాటు రెండు తామర పూలు. రిబ్బన్ సగం తెలుపు, సగం కాషాయం. కార్గిల్ తర్వాత ఈ పతకం ప్రకటించడం అదే మొదటిసారి. మధ్యలో ఇరవై ఏళ్లకు పైగా గడిచిపోయాయి. ఆ పతకం గురించి సామాన్య పాఠకుడికి పెద్దగా తెలియకపోవడానికి ఈ విరామం కూడా ఒక కారణం.

గల్వాన్‌లో తుపాకీ ఎందుకు పేలలేదు

సైటేషన్ అర్థం కావాలంటే ముందు ఆ రాత్రి పరిస్థితి తెలియాలి. 1996లో భారత్, చైనా కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల ఎవరూ కాల్పులు జరపకూడదు. గస్తీకి వెళ్లే సైనికుల దగ్గర ఆయుధాలు ఉండేవి, కానీ వాటిని వాడేవాళ్లు కాదు. 1975 తర్వాత ఆ రేఖ మీద ఘర్షణలో సైనికుడు చనిపోయిన ఘటన లేదు. అలా 45 ఏళ్లు గడిచాయి.

2020 వేసవిలో తూర్పు లద్దాఖ్‌లో రెండు సైన్యాలూ ఎదురెదురుగా మోహరించాయి. జూన్ 6న కోర్ కమాండర్లు కూర్చుని మాట్లాడుకుని, దశలవారీగా వెనక్కి తగ్గాలని అనుకున్నారు. ఆ మాట నేల మీద అమలు కావాల్సిన చోట్లలో గల్వాన్‌లోని పెట్రోలింగ్ పాయింట్ 14 ఒకటి. అక్కడ ఉన్న బెటాలియన్ 16 బిహార్. దాని కమాండింగ్ ఆఫీసర్ (సీఓ) సంతోష్ బాబు. సూర్యాపేట వాసి, విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, నేషనల్ డిఫెన్స్ అకాడమీ మీదుగా 2004లో ఇదే బెటాలియన్‌లో చేరిన అధికారి. చేరిన బెటాలియన్‌కే సీఓ కావడం ఆర్మీలో చాలా గౌరవంగా చూసే విషయం. కింది సైనికుల్లో చాలామంది ఆయన్ని లెఫ్టినెంట్‌గా ఉన్నప్పటి నుంచీ ఎరుగుదురు.

జూన్ 15 సాయంత్రం మొదలైన గొడవ రాత్రి దాకా సాగింది. సుమారు 14 వేల అడుగుల ఎత్తు, చీకటి, పక్కన గడ్డకట్టించే చలితో పారే నది. రాళ్లు, ఇనుప రాడ్లు, మేకులు దిగ్గొట్టిన కర్రలతో మనిషికి మనిషి తలపడ్డారు. భారత్ వైపు 20 మంది చనిపోయారు.

సైటేషన్ ప్రకారం సంతోష్ బాబుకు అప్పగించిన పని ఆపరేషన్ స్నో లెపర్డ్‌లో భాగంగా శత్రువుకు ఎదురుగా ఒక పరిశీలన పోస్టు ఏర్పాటు చేయడం. అవతలి వాళ్లు ఎత్తైన చోట్ల నుంచి రాళ్లు రువ్వుతూ, పదునైన ఆయుధాలతో మీద పడినా ఆయన నిలబడ్డారు. తీవ్రంగా గాయపడిన తర్వాత కూడా ముందు వరసలోనే ఉండి చివరి దాకా తన మనుషులను నడిపించారు. ఇందులో ప్రతి మాటకూ పని ఉంది. ‘శత్రువుకు ఎదురుగా’ అన్న మాట పతకం వరసను తేలుస్తుంది. గాయపడిన తర్వాత కూడా అన్నది మెట్టును పైకి జరుపుతుంది.

యుద్ధం ప్రకటించలేదు, యుద్ధ పతకం ఇచ్చారు

భారత్‌లో శౌర్య పతకాలు రెండు వరసలుగా ఉన్నాయి. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీరచక్ర మొదటి వరస. వీటిని 1950 జనవరి 26న ఏర్పాటు చేసి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా పెట్టారు. అప్పటికే కశ్మీర్‌లో యుద్ధం జరిగి, పతకానికి తగిన పనులు చేసి చనిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. రెండో వరస 1952లో వచ్చింది. మొదట దాన్ని అశోక చక్ర ఒకటి, రెండు, మూడు తరగతులు అన్నారు. 1967లో అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర అని పేర్లు మార్చారు.

వాడుకలో మొదటి వరసను యుద్ధకాల పతకాలు, రెండో వరసను శాంతికాల పతకాలు అంటారు. గందరగోళం ఈ వాడుక మాటల్లోనే ఉంది. నిబంధనల్లో యుద్ధం ప్రకటించాలనే షరతు ఎక్కడా లేదు. మొదటి వరసకు ‘శత్రువుకు ఎదురుగా’ చూపిన పరాక్రమం కావాలి. రెండో వరస అలా కాని సందర్భాలకు. కార్గిల్‌లో యుద్ధం ప్రకటించలేదు, అయినా నాలుగు పరమవీర చక్రలు వచ్చాయి. 1987లో సియాచిన్ పోస్టును పట్టుకున్న బానా సింగ్‌కు పరమవీర చక్ర వచ్చినప్పుడూ ప్రకటిత యుద్ధం లేదు. కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియాకు వచ్చింది 1961లో కాంగోలో, ఐక్యరాజ్య సమితి శాంతి దళంలో పనిచేస్తూ చనిపోయినందుకు. మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌ది శ్రీలంక, 1987 నవంబర్. ఎదురుగా ఉన్నది దేశ సైన్యం కూడా కాదు, తమిళ వేర్పాటువాద సంస్థ ఎల్‌టీటీఈ. మొన్నటికి మొన్న ఆపరేషన్ సిందూర్ తర్వాత 2025 ఆగస్టు 15 జాబితాలో 15 వీరచక్రలు ఉన్నాయి. అంటే ఆ ఆపరేషన్ స్వభావాన్ని బట్టి, ఎదురుగా ఉన్నవాళ్లను శత్రువుగా లెక్కవేసిన తీరును బట్టి వరస తేలుతోంది. గల్వాన్‌లో ఎదురుగా ఉన్నది మరో దేశ సైన్యం. అందుకని ఆ ఘటనలో ఇచ్చిన చక్ర పతకాలు మొదటి వరసవే.

అదే కశ్మీర్‌లో ఉగ్రవాదులతో పోరాడి చనిపోతే రెండో వరస. 2014 ఏప్రిల్‌లో షోపియాన్‌లో ప్రాణాలు కోల్పోయిన మేజర్ ముకుంద్ వరదరాజన్‌కు అశోక చక్ర వచ్చింది అలాగే. తెలుగు పాఠకులకు ఇంకా దగ్గరి ఉదాహరణ గ్రేహౌండ్స్‌లో పనిచేసిన ప్రసాద్ బాబు. 2013 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల్లో మావోయిస్టులతో జరిగిన ఎదురుకాల్పుల్లో ఆయన ప్రాణాలు కోల్పోయారు. 2014లో ఆయనకు మరణానంతరం అశోక చక్ర ఇచ్చారు. ఆయన పోలీసు, సైనికుడు కాదు. అయినా ఆ పతకానికి అర్హుడే.

రెండు వరసలనూ కలిపి ఒక గౌరవ క్రమం ఉంది. పరమవీర చక్ర, అశోక చక్ర, మహావీర చక్ర, కీర్తి చక్ర, వీరచక్ర, శౌర్య చక్ర. ఈ క్రమంలో చూస్తే ప్రసాద్ బాబు పతకం సంతోష్ బాబు పతకం కంటే ఒక మెట్టు పైన ఉంటుంది. దాన్ని చూసి ఒకరి ధైర్యాన్ని ఇంకొకరి ధైర్యంతో తూకం వేయడం తప్పు. అడవిలో చేసిన పనిని దాని వరసలోని కొలతతో చూశారు, గల్వాన్‌లో చేసిన పనిని ఇంకో వరస కొలతతో చూశారు. ఈ క్రమం పతకాల గౌరవానికి సంబంధించింది.

పోయినవాడి తరఫున ఎవరు చెబుతారు

పతకం ఫైలు మామూలుగా బెటాలియన్‌లో మొదలవుతుంది. కమాండింగ్ ఆఫీసర్ సిఫారసు రాస్తారు. చూసినవాళ్ల వాంగ్మూలాలు దానికి తోడవుతాయి. అక్కడి నుంచి బ్రిగేడ్, డివిజన్, కోర్, కమాండ్ దాటి ఆర్మీ హెడ్‌క్వార్టర్స్‌కు వెళ్తుంది. ఏ మెట్టు దగ్గరైనా పై అధికారి పతకాన్ని పెంచమనవచ్చు, తగ్గించమనవచ్చు, వద్దనవచ్చు. చివరికి రక్షణ మంత్రి, త్రివిధ దళాధిపతులు, రక్షణ కార్యదర్శి ఉండే కేంద్ర కమిటీ ముందుకు వస్తుంది. హోం శాఖ పంపిన పేర్లుంటే హోం కార్యదర్శి కూడా కూర్చుంటారు. తర్వాత ప్రధాని, రాష్ట్రపతి ఆమోదం. ఇదంతా ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది.

గల్వాన్ విషయంలో ఒక చిక్కు ఉంది. సిఫారసు రాయాల్సిన మనిషే చనిపోయారు. బెటాలియన్‌లో ఎవరు ఏం చేశారో పేరుపేరునా చెప్పగలిగే స్థానం సీఓది. ఆయనే లేనప్పుడు ఆయన గురించి మాత్రమే కాదు, ఆయన కింద పోరాడినవాళ్ల గురించి కూడా మిగిలినవాళ్లే చెప్పాలి. ఆ మిగిలినవాళ్లు ఆ చీకట్లో తమ ప్రాణాల కోసం పోరాడినవాళ్లు. ఎవరి కంట ఎంత పడి ఉంటుందో ఊహించుకోవచ్చు.

మరణానంతర పతకం అసలు కష్టం ఇక్కడే ఉంది. బతికున్న సైనికుడు తన మాట తాను చెప్పుకోగలడు, అడిగినదానికి జవాబివ్వగలడు. చనిపోయినవాడి పని ఇంకొకరి కళ్లలో మిగిలి ఉండాలి. ఎవరూ చూడకపోతే ఎంత గొప్ప పనైనా కాగితం మీదికి రాదు. పూర్తిగా తుడిచిపెట్టుకుపోయిన పోస్టుల్లో పోరాడినవాళ్లలో పతకం లేకుండా పోయినవాళ్లు ఉండటానికి కారణం ఇదే.

1962 నవంబర్ 18న లద్దాఖ్‌లోని రెజాంగ్ లాలో 13 కుమావోన్ బెటాలియన్ చార్లీ కంపెనీ పోరాడింది. సుమారు 120 మందిలో వంద మందికి పైగా చనిపోయారు. బతికి బయటపడిన కొద్దిమంది చెప్పిన మాటలు వినడానికి కూడా నమ్మశక్యంగా అనిపించలేదు. 1963 ఫిబ్రవరిలో మంచు మీదికి వెళ్లినవాళ్లకు ఆ సైనికులు కందకాల్లో ఉన్నవాళ్లు ఉన్నట్టే, ఆయుధాలతో గడ్డకట్టి కనిపించారు. ఒక నర్సింగ్ అసిస్టెంట్ చేతిలో సిరంజి అలాగే ఉంది. మేజర్ షైతాన్ సింగ్ మృతదేహమూ అక్కడే దొరికింది. ఆయనకు మరణానంతరం పరమవీర చక్ర వచ్చింది. మూడు నెలల పాటు ఆ సాక్ష్యాన్ని మంచు కాపాడింది.

సాక్ష్యం ఒక్కోసారి అవతలి వైపు నుంచి వస్తుంది. కార్గిల్‌లో టైగర్ హిల్ మీద పాకిస్తాన్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (కర్నల్ అన్నది హోదా కాదు, అతని పేరులో భాగం) ఎదురుదాడికి దిగి చనిపోయాడు. అతను పోరాడిన తీరు చూసిన భారత బ్రిగేడియర్ ఎం.పి.ఎస్. బాజ్వా, ఇతను చాలా ధైర్యంగా పోరాడాడు, ఇతనికి తగిన గుర్తింపు దక్కాలి అని ఒక చీటీ రాసి, మృతదేహాన్ని అప్పగించేటప్పుడు జేబులో పెట్టించారు. పాకిస్తాన్ అతనికి తమ అత్యున్నత పతకం నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది. చంపాల్సి వచ్చిన మనిషి కోసం శత్రు దేశపు అధికారి సాక్ష్యం చెప్పడం సైనిక ధర్మంలోని గొప్ప మాట. దాన్ని ఆచరణలో చూపించిన ఘటన ఇది.

అదే టైగర్ హిల్ మీద ఒక పొరపాటు కూడా జరిగింది. 18 గ్రెనేడియర్స్‌కు చెందిన యోగేంద్ర సింగ్ యాదవ్‌కు పరమవీర చక్రను మొదట మరణానంతరం అని ప్రకటించారు. అదే పేరుతో ఇంకో సైనికుడు చనిపోవడంతో ఆ గందరగోళం వచ్చింది. అసలు యాదవ్ ఒళ్లంతా బుల్లెట్ గాయాలతో ఆస్పత్రిలో కోలుకుంటున్నాడు. అప్పటికి అతని వయసు 19 ఏళ్లు.

పరమవీర చక్ర ఎందుకు కాలేదు

2021 జనవరిలో పతకం ప్రకటించగానే సంతోష్ బాబు తండ్రి తన మనసులో మాట దాచుకోలేదు. తనకు అసంతోషం లేదని, అయితే నూటికి నూరు శాతం తృప్తి కూడా లేదని, పరమవీర చక్రకు సిఫారసు చేసి ఉండాల్సిందని చెప్పారు. కన్నబిడ్డను పోగొట్టుకున్న తండ్రి మాటగా దాన్ని వినాలి. ప్రశ్నగా కూడా దానికి బరువుంది.

నిబంధనల మాటలు చూస్తే రెండు పతకాల మధ్య తేడా చిన్నదిగా కనిపిస్తుంది. మహావీర చక్రకు శత్రువుకు ఎదురుగా చూపిన పరాక్రమం కావాలి. పరమవీర చక్రకు అత్యంత ప్రస్ఫుటమైన ధైర్యం, లేదా సాటిలేని సాహసం, లేదా ఆత్మత్యాగం కావాలి. ఈ మాటలకు కొలబద్ద లేదు. ఇన్ని బంకర్లు, ఇన్ని గాయాలు అనే లెక్క లేదు. పాత పతకాలు ఎవరికి ఇచ్చారన్నదే కొత్త పతకాలకు కొలత అవుతూ వచ్చింది. ఇప్పటి దాకా పరమవీర చక్ర పొందినవాళ్లు 21 మంది. అందులో 14 మందికి మరణానంతరం వచ్చింది. అంటే ఏడుగురు బతికి అందుకున్నారు. చనిపోతేనే ఇస్తారన్న నమ్మకం ఎంత తప్పో ఈ అంకె చెబుతుంది. 1999 తర్వాత ఒక్కటీ ఇవ్వలేదు.

మహావీర చక్ర రెండు వందల మందికి పైగా వచ్చింది. ఆ పతకం ఎలాంటి పనులకు వచ్చిందో చూస్తే ‘రెండో మెట్టు’ అన్న మాటలోని చిన్నచూపు కాస్త తగ్గుతుంది. హైదరాబాద్‌లో స్థిరపడిన ఒడిశా కుటుంబానికి చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య ఉదాహరణ చాలు. ఉస్మానియాలో చదివిన ఆయన 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌లో కంపెనీ కమాండర్. 1999 జూన్ 28న ద్రాస్ ప్రాంతంలో మందుపాతరలు, మెషిన్ గన్ల కాపలా ఉన్న శత్రు స్థావరాన్ని పట్టుకునే పని ఆయన కంపెనీకి అప్పగించారు. దాడి మొదలవగానే ఫిరంగి గుండ్లు సరిగ్గా ముందున్న ప్లాటూన్ మీద పడ్డాయి. దాడి అక్కడే ఆగిపోయే పరిస్థితి. ఆచార్య వెనక ఉంచిన రిజర్వ్ ప్లాటూన్‌ను తీసుకుని, గుండ్ల వానలోంచి, నిలువు కొండరాయి మీదుగా పైకి నడిపించారు. పాకుకుంటూ బంకర్ దగ్గరికి వెళ్లి గ్రెనేడ్లు విసిరారు. గాయాలతో కదల్లేని స్థితిలో పడిపోయాక, నన్ను వదిలేసి మీరు ముందుకు వెళ్లండి అని తన మనుషులకు ఆజ్ఞ ఇచ్చి, పడినచోటు నుంచే కాల్పులు జరుపుతూ ఉండిపోయారు. స్థావరం చేతికి వచ్చింది. ఆ తర్వాత ఆయన ప్రాణం పోయింది. దీనికి వచ్చింది మహావీర చక్ర.

కమాండింగ్ ఆఫీసర్లు, అంతకు పై అధికారుల విషయంలో ఇంకో పోలిక ఉంది. 1947 అక్టోబర్ 27న విమానాల్లో శ్రీనగర్‌లో దిగిన మొదటి భారత బెటాలియన్ 1 సిఖ్. దాని సీఓ లెఫ్టినెంట్ కర్నల్ దివాన్ రంజిత్ రాయ్ బారాముల్లా వైపు వెళ్లి అదే రోజు చనిపోయారు. 1948 జూలై 3న ఝంగర్‌లో ఫిరంగి గుండుకు బలైన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ ఆ యుద్ధంలో చనిపోయిన అతి పెద్ద హోదా అధికారుల్లో ఒకరు. ఇద్దరికీ మరణానంతరం మహావీర చక్రే వచ్చింది. మొదటి పరమవీర చక్ర మాత్రం బడ్గాంలో 1947 నవంబర్ 3న చనిపోయిన మేజర్ సోమ్‌నాథ్ శర్మకు వెళ్లింది. చేయి విరిగి కట్టు కట్టుకునే కంపెనీతో పాటు వెళ్లిన అధికారి ఆయన. బ్రెన్ గన్లకు మేగజీన్లు స్వయంగా నింపి ఇస్తూ ఉండగా మోర్టార్ పేలుడులో చనిపోయారు. హోదా పెద్దదైనంత మాత్రాన పతకం పెద్దది కాలేదు. సైన్యాన్ని నడిపించినందుకు, పోరాటంలో నిలబెట్టినందుకు మహావీర చక్ర, ఒంటరిగా చేసిన అసాధారణ సాహసానికి పరమవీర చక్ర అన్న ధోరణి స్థూలంగా కనిపిస్తుంది. దానికి మినహాయింపులు ఉన్నాయి. ఇది రాతపూర్వక నియమం కాదు.

గల్వాన్‌లోనే ఇచ్చిన మిగతా పతకాలు ఈ కొలతను ఇంకొంచెం స్పష్టం చేస్తాయి. నాయబ్ సుబేదార్ నుదురామ్ సోరెన్, హవల్దార్ పళని, నాయక్ దీపక్ సింగ్, సిపాయి గుర్‌తేజ్ సింగ్‌లకు మరణానంతరం వీరచక్ర వచ్చింది. హవల్దార్ తేజిందర్ సింగ్ బతికి ఆ పతకం అందుకున్నారు. దీపక్ సింగ్ నర్సింగ్ అసిస్టెంట్. రాళ్లు పడుతుండగా, తనకూ గాయాలైనా వైద్యం ఆపకుండా 30 మందికి పైగా సైనికుల ప్రాణాలు కాపాడినట్టు ఆయన సైటేషన్ చెబుతోంది. ఆయన భార్య తర్వాత శిక్షణ పూర్తి చేసి ఆర్మీ ఆఫీసర్ అయ్యారు. చనిపోయిన 20 మందిలో ఐదుగురికి ఈ వరస పతకాలు వచ్చాయి, బతికినవాళ్లలో ఒకరికి వచ్చింది. చనిపోవడమే కొలత అయితే జాబితా ఇలా ఉండదు.

తండ్రి అడిగిన ప్రశ్నకు దీంతో పూర్తి జవాబు వచ్చినట్టు కాదు. సైటేషన్ మాత్రమే బయటికి వస్తుంది, ఫైలు రాదు. మొదట ఏ పతకానికి రాశారు, ఏ మెట్టు దగ్గర మార్చారు, ఎందుకు మార్చారు అన్నది జనానికి తెలియదు. సైనిక రహస్యాలున్నచోట అన్నీ బయటపెట్టాలని ఎవరూ అనరు. కానీ నిర్ణయానికి కారణాన్ని కనీసం కుటుంబానికైనా విడమరిచి చెబితే ఇన్ని ఊహాగానాలకు చోటుండదు. ఆ కారణం తెలియకపోవడం వల్లే రాజకీయాలు, దౌత్యం, ప్రాంతం లాంటి అనుమానాలు ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంటున్నాయి.

బ్రిటన్‌లో మొదట లేని ఏర్పాటు

చనిపోయినవాళ్లకు పతకం ఇవ్వడం ఇప్పుడు సహజంగా అనిపిస్తుంది. ఎప్పుడూ అలా లేదు. 1856లో బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ మొదలైనప్పుడు మరణానంతరం ఇచ్చే ఏర్పాటు అందులో లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఆ వైఖరి మారింది. 1907లో అంతకుముందు చనిపోయిన ఆరుగురికి ఇచ్చారు. విక్టోరియా క్రాస్ తర్వాతి మెట్టులోని చాలా బ్రిటిష్ శౌర్య పతకాలను 1979 దాకా మరణానంతరం ఇచ్చేవాళ్లు కాదు. భారత్ తన పతకాలను రూపొందించుకున్నప్పుడు మొదటి నుంచే అన్ని మెట్లనూ మరణానంతరం ఇచ్చేలా పెట్టుకుంది.

అవతలి ఒడ్డున

గల్వాన్‌లో తమవైపు మరణాలను చైనా ఎనిమిది నెలల పాటు బయటపెట్టలేదు. 2021 ఫిబ్రవరి 19న నలుగురు చనిపోయారని ప్రకటించింది. ఆ ప్రకటన వచ్చిన సందర్భం కూడా సైనిక గౌరవాలే. చనిపోయిన బెటాలియన్ కమాండర్ చెన్ హాంగ్‌జున్‌కు సరిహద్దు రక్షణ వీరుడు అనే బిరుదు ఇచ్చారు. మిగిలిన ముగ్గురికి మొదటి తరగతి గౌరవం ఇచ్చారు. గాయపడిన రెజిమెంట్ కమాండర్ చీ ఫాబావోకూ బిరుదు వచ్చింది.

భారత జాబితా అంతకు ముందే, జనవరిలో వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెడితే ఒక విషయం కనిపిస్తుంది. మరణానంతర పతకం ఇవ్వాలంటే మరణాన్ని ఒప్పుకోవాలి, ఎక్కడ ఎలా జరిగిందో ఎంతో కొంత చెప్పాలి. 20 మంది చనిపోయారని భారత్ ఒకట్రెండు రోజుల్లోనే చెప్పింది కాబట్టి పతకాల ప్రక్రియ మామూలు దారిలో నడిచింది. చైనాలో ఆ నాలుగు పేర్లు బయటికి రావడానికి దారి ఇచ్చినవి ఈ గౌరవాలే.

ఇంటికి ఏం చేరుతుంది

పతకానికీ పెన్షన్‌కూ సంబంధం లేదు. శత్రు చర్యలో చనిపోయిన సైనికుడిని ఆర్మీ యుద్ధ మృతుడిగా నమోదు చేస్తుంది. ఆ నమోదును బట్టి కుటుంబానికి ఆఖరి జీతంతో సమానమైన లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, కేంద్రం ఎక్స్‌గ్రేషియా ఇస్తుంది. పతకం రాకపోయినా ఇవి రావాలి. అమరవీరుడు అనే మాట జనం గుండెల్లోంచి వచ్చింది. ప్రభుత్వ రికార్డుల్లో అలాంటి అధికారిక హోదా లేదు.

పతకంతో వచ్చేది నెలవారీ భత్యం. 2017 ఆగస్టు నుంచి పెంచిన లెక్క ప్రకారం పరమవీర చక్రకు నెలకు 20,000 రూపాయలు, అశోక చక్రకు 12,000, మహావీర చక్రకు 10,000, కీర్తి చక్రకు 9,000, వీరచక్రకు 7,000, శౌర్య చక్రకు 6,000. పెద్ద మొత్తాలు రాష్ట్రాల నుంచి వస్తాయి, అవి ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి. సంతోష్ బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్ల రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 స్థాయి ఉద్యోగం ఇచ్చింది. ఇవి పతకం ప్రకటించడానికి నెలల ముందే ఇచ్చినవి. అదే రాత్రి, అదే లోయలో చనిపోయిన పక్క రాష్ట్రపు సిపాయి ఇంటికి ఎంత వెళ్లిందన్నది అక్కడి ప్రభుత్వం ఇష్టం. దేశమంతటికీ ఒకే కొలత లేకపోవడం న్యాయంగా కనిపించదు.

పతకం ఎవరి చేతికి ఇవ్వాలన్నదీ సున్నితమైన విషయమే. పెళ్లయిన సైనికుడి విషయంలో మామూలుగా భార్య, కానివాళ్ల విషయంలో తల్లిదండ్రులు. సంతోష్ బాబు పతకాన్ని తల్లి, భార్య కలిసి అందుకోవడంతో అక్కడ ఆ ప్రశ్నే రాలేదు.

భత్యం విషయంలో చాలాకాలం ఒక పాత షరతు నడిచింది. పతకం పొందిన సైనికుడి భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే భత్యం ఆగిపోయేది. చనిపోయిన భర్త తమ్ముడినో అన్ననో చేసుకుంటే మాత్రం కొనసాగేది. పాతికేళ్లకే భర్తను పోగొట్టుకున్న అమ్మాయి మరిదిని చేసుకుంటేనే ఆ డబ్బు వస్తుందని చెప్పే నియమం అది. 2017 నవంబర్‌లో రక్షణ శాఖ దాన్ని తీసేసింది. ఇప్పుడు ఆమె ఎవరిని పెళ్లి చేసుకున్నా, ఆమె బతికున్నంత కాలం ఆ భత్యం ఆమెకే వస్తుంది.